చాప ఎత్తిన చేయి

పోయిన వారం ఫువాతినోని రూతా పిన్ని ఇంటి అరుగు మీద నిలబెట్టి మన దారిన మనం వచ్చేశాం, పాపం. అప్పటినుంచీ ఆ పిల్ల అక్కడే ఉంది, చేతిలో నీళ్ళ చిప్పతో, ఊరి బయలుకి అవతల ఉన్న తమ ఇంటి వైపు చూస్తూ. తెల్లవారీ తెల్లవారకముందే ఆ ఇంటి ముందు ఎవరో వచ్చి కూర్చున్నారు. తల మీంచి చాప కప్పుకుని, మోకాళ్ళ మీద, ఉలుకూ పలుకూ లేకుండా.

ఆ ఇంట్లో మాత్రం ఎవరూ లేరు. ఉండాల్సినవాళ్ళందరూ చర్చి వెనక గోతిలో ఉన్నారు. అమ్మ, ఊరి పెద్ద అయిన నాన్న, ఇద్దరన్నలు, పెద్దవదిన. నవంబరులో ఆక్లండ్ నుంచి ఆపియా రేవుకొచ్చిన పొగ ఓడ ఒక జ్వరాన్ని దింపిపోయింది. అది పడవలెక్కి తీరం వెంబడి ఊరూరూ తిరిగి ఈ సాలేవా ఊరి దాకా వచ్చింది. పెద్ద యుద్ధం అయిపోయిందని ఆపియాలో దొరలు గంటలు కొట్టిస్తున్న రోజుల్లోనే ఇక్కడ చావుగంట కొట్టే ఓపిక ఉన్నవాడు పాస్టరుగారికి దొరకలేదు. పోయినవాళ్ళని చాపల్లో చుట్టకుండానే మట్టి కప్పారు. చాపలకి కరువు లేదు, చుట్టడానికే మనుషులు లేకపోయారు. పద్దెనిమిదో సంవత్సరం మా దీవులకి చేసిన పాపాల్లో ఇదే పెద్దదని ముసలివాళ్ళు ఇప్పటికీ అంటారు. చాప లేకుండా మట్టిలోకి పోయినవాళ్ళు చాప కోసం వెనక్కి వస్తారట. అందుకే పొద్దువాలితే ఆ ఇంటి ముందునుంచి నడిచే మనిషి లేడు. లోపల మూలుగు విన్నామని కొందరు, కావా వేళ్ళ రసం కలిపే గిన్నె కదిలిందని కొందరు. తను జ్వరం నుంచి లేచిన రోజునుంచీ ఫువాతినో కూడా ఆ ఇంట్లో కాలు పెట్టలేదు.

"ఇఫోగా," అంది రూతా పిన్ని వెనకనుంచి గొంతు తగ్గించి. "ఎవరో తప్పు ఒప్పుకోవడానికి వచ్చారే. చూడు, పక్కన కట్టెలు, రాళ్ళు, ఆకులు కూడా పెట్టుకుని కూర్చున్నాడు."

కట్టెలూ రాళ్ళూ ఆకులూ అంటే పొయ్యి సామాను. నన్ను వండుకు తింటారో, వదిలేస్తారో మీ ఇష్టం అని నోరు విప్పకుండా చెప్పడం. నష్టపోయిన ఇంటి పెద్ద లోపలినుంచి నడిచి వచ్చి చాప ఎత్తితే పగ అక్కడితో సరి. ఎత్తకుండా వెనక్కి తిరిగితే ఇక ఆ ప్రాణాన్ని ఎవరు తీసినా అడిగే నాథుడు ఉండడు. అంతవరకూ ఆ మనిషిని పలకరించకూడదు, గుక్కెడు నీళ్ళు పోయకూడదు.

"ఎవరింటి ముందు కూర్చున్నాడో తెలుస్తోందా వాడికి? దయ్యాలకి దణ్ణం పెడుతున్నాడు," అన్నాడు తూలి.

తూలి రూతా పిన్ని కొడుకు. ఒక చేతిలో పొడుగు కత్తి, రెండో చంకలో కూతురు. ఏడాది నిండని ఆ పాప తండ్రి మెడలో గవ్వల దండ చీకుతోంది. దాని తల్లీ, దాని అన్నా ఆ గోతిలోనే ఉన్నారు. అప్పటినుంచీ తూలి ఆ పిల్లని నేల మీద దించడం ఎవరూ చూడలేదు. చేపలకి పోవడం మానేశాడు. ఎవరైనా తుమ్మితే చాలు, పిల్లని ఎత్తుకుని ఊరి చివరకి పోతాడు.

"ఎవరంటావు అన్నా?" అంది ఫువాతినో.

"తెలీనట్టు అడుగుతావేం చెల్లీ? ఇంకెవడు, ఫిలిపో. మీ బావ. మొగుణ్ణి వెనకేసుకొస్తూ మీ అక్కే పంపించి ఉంటుంది."

ఫువాతినో నీళ్ళ చిప్పని అరుగు మీద పెట్టేసింది.

ఆ నవంబరు పడవ ఫిలిపోదే. అక్క ఎలిసపేతని చేసుకుని ఫాగాతూ ఊరికి తీసుకుపోయిన ఫిలిపో, ఆ రోజు అక్కనీ తన తల్లినీ పడవలో వేసుకుని వచ్చాడు. ఆపియాలో జబ్బు ఉందన్న కబురు అప్పటికే సాలేవాకి అందింది. నాన్న మోకాలి లోతు నీళ్ళలోకి దిగి, "పడవలో జబ్బు మనుషులున్నారా?" అని అడిగాడట. గుడ్డ కప్పుకుని పడుకున్న ముసలామెని చూపించి, "జబ్బు కాదు, సముద్రం పడలేదంతే" అన్నారట పడవలోంచి. అంతే, పడవ ఒడ్డుకొచ్చింది. ముక్కుకి ముక్కు తగిలించి పలకరించుకున్నారు. ఒకే చిప్పతో అందరూ కావా తాగారు. ముసలామెకి తోచదని ఇంటి మధ్యన పడుకోబెట్టి చుట్టూ ఇంటిల్లిపాదీ పడుకున్నారు. ఒంట్లో బాగోలేని మనిషిని ఒంటరిగా వదలడమంటే మా వాళ్ళకి చంపేసినట్టే లెక్క. ఆ మంచితనమే సాలేవాని ఊడ్చేసింది. ఫువాతినో ఆ పూట కొండ మీద చామతోటలో ఉంది. ఇదంతా విన్నదే, చూసింది కాదు. చూసినవాళ్ళు ఇప్పుడు చెప్పడానికి లేరు.

గోతి పూడ్చిన రోజున ఊరు మిగిలినంత మేరా వింటూండగా ఆమె ఒక మాట అంది. ఆ జ్వరాన్ని తెచ్చినవాళ్ళు మళ్ళీ ఈ ఇసకలో అడుగుపెడితే బతికి పోకూడదు అని. ఆ మాట పట్టుకునే తూలి రోజూ కత్తి నూరుతున్నాడు.

పొద్దెక్కింది. మిగిలిన జనం బయలు అంచుల్లో చేరారు, కానీ ఆ ఇంటి దగ్గరకి పోయే ధైర్యం ఎవరికీ లేదు. చాప కింద మనిషి కదలలేదు. చివరికి ఇయాకోపో తాత కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. ఊరి తరఫున సభల్లో మాట్లాడేది ఆయనే. నోరు తెరిస్తే పొయ్యిలో దుంపలు మాడిపోయేదాకా మూయని మనిషి. ఇవాళ మాత్రం తేల్చి చెప్పేశాడు.

"ఆ ఇంటికి నువ్వే మిగిలావమ్మా. లోపలికి పో, లోపలినుంచి బయటికి రా. ఎత్తితే ఎత్తు, లేకపోతే తిరిగిపో. ఇక్కడ పిన్ని అరుగు మీద నిలబడి తీర్పు చెప్తే చెల్లదు."

"ఆడపిల్లని, బిరుదు లేనిదాన్ని. నేనెలా ఎత్తుతాను తాతా?"

"బిరుదున్నవాళ్ళు గోతిలో ఉన్నారు. పోయి లేపుకురమ్మంటావా?"

"ఆ ఇంట్లోకి నేను పోలేను."

"పోలేకపోతే పోకు. సాయంత్రం దాకా ఎండలో మాడి వాడే చస్తాడు. అప్పుడు ఆ ఇంటి ముందు ఇంకో దయ్యం చేరుతుంది. నీకు అదే బాగుంటే సరే."

రూతా పిన్ని గబగబా ఆమె చెయ్యి పట్టుకుంది. "పోవద్దే. పోయినవాళ్ళు నిన్ను కూడా రమ్మంటారు. నా మాట విను, వాడి సంగతి తూలి చూసుకుంటాడు." ఆ చేత్తోనే ఆవిడ నెల్లాళ్ళుగా ఫువాతినోకి గంజి తాగించింది. ఆ చేతిని విడిపించుకోవడం ఫువాతినోకి కష్టంగానే అనిపించింది. అయినా విడిపించుకుంది.

బయలు దాటి, కూర్చున్న మనిషి వైపు చూడకుండా, ఇంటి వెనకవైపుకి వెళ్ళి కొబ్బరాకు తడిక ఎత్తి లోపలికి దూరింది.

లోపల మొగలాకు వాసన, దాని కింద ఇంకో వాసన. మా ఇళ్ళకి గోడలుండవు, స్తంభాలే. ఏ స్తంభం దగ్గర ఎవరు కూర్చోవాలో పుట్టినప్పటినుంచీ తెలిసి ఉంటుంది. అది పెద్దన్న చోటు, ఇది చిన్నన్నది, అటువైపు వదిన. అక్కడక్కడ పరుపుచాపలు ఇంకా నలిగే ఉన్నాయి. అమ్మ సగం అల్లిన చాప నేల మీద పరిచి ఉంది, గాలికి ఎగిరిపోకుండా పైన నున్నటి రాళ్ళు. ఫువాతినో నడుము వంచి, చెయ్యి నేలకేసి చాచి, ఒక్కొక్క స్తంభం ముందునుంచీ నడిచింది. పెద్దవాళ్ళు కూర్చున్నప్పుడు వాళ్ళ ముందునుంచి నిటారుగా నడవకూడదు కదా. సగం ఇల్లు దాటాక గానీ తను ఎవరికి వంగుతోందో ఆమెకి తట్టలేదు. అయినా నిటారుగా నిలబడే ధైర్యం రాలేదు. అలాగే వంగి నడిచింది.

నాన్న స్తంభం దగ్గర కూర్చుని వీపు ఆనించింది. స్తంభం వెచ్చగా ఉంది. ఎండ తగిలే చోటు కాదు అది.

"నాన్నా," అంది, వినబడీ వినబడనట్టు. "ఏం చెయ్యమంటావు?"

ఎవరో దగ్గారు. చిన్న దగ్గు, నోరు మూసుకుని మింగేసిన దగ్గు. ఇంటి లోపలిదో బయటిదో తెలియలేదు. ఆమె చెవి ఒగ్గి విన్నది. మళ్ళీ రాలేదు. ఆ ఇంట్లో అందరూ ఆమె మాట కోసమే చూస్తున్నట్టుంది. సలహా చెప్పేవాడు మాత్రం ఒక్కడూ లేడు. బతికున్నప్పుడు ఒక్కపూట నోరు మూసుకుని ఎరగని కుటుంబం. ఆ మౌనానికి ఏడుపొచ్చింది ఆమెకి.

కళ్ళు తుడుచుకుని తడికల సందులోంచి బయటికి చూసింది. అప్పుడు కనిపించింది ఆ చాప. పట్టుగుడ్డంత మెత్తగా, అంచున ఎర్ర ఈకలతో. ఒక మూల ఎలక కొరికితే, ఎలకల వంశాన్నంతా తిడుతూ అమ్మ వేసిన అతుకు. అమ్మ ఏళ్ళ తరబడి అల్లిన చాప అది. అక్క పెళ్ళిలో ఫాగాతూ వాళ్ళకి ఇచ్చిన చాప.

అయితే ఫిలిపోనే. అనుమానం లేదు.

నాన్నని ఒట్టి మట్టిలో పడుకోబెట్టారు. అమ్మ జుట్టులోకి మట్టి పోవడం తను చూసింది. వాళ్ళని చంపినవాడు అమ్మ చేతి చాపని నెత్తిన కప్పుకుని దాని నీడలో కూర్చున్నాడా? ఎంత ధైర్యం! అక్క పెట్టెలోంచి ఎలా తీశాడో, అక్క ఎలా తియ్యనిచ్చిందో! చాప ఎత్తకూడదు. బయటికి పోయి, అందరూ చూస్తుండగా, నెమ్మదిగా వెనక్కి తిరగాలి. మిగతాది తూలి చూసుకుంటాడు. ఆ నిర్ణయంతో ఆమెకి ఎన్నాళ్ళకో ఒంట్లో బలం వచ్చినట్టయింది.

ముందు తడిక ఎత్తి రాళ్ళ అరుగు మీదకి వచ్చి నిలబడింది. జనం లేచారు. బయలు అవతల తూలి పాపని రూతా పిన్నికి అందించడం కనిపించింది. ఎన్నాళ్ళకో ఆ పిల్ల తండ్రి చంక దిగింది. తూలి కత్తి పట్టుకుని ముందుకు నడిచాడు, చాపకి వెనకగా వచ్చి ఆగాడు. ఫువాతినో అతని కళ్ళలోకి చూసింది. తిరగడానికి కుడికాలు వెనక్కి వేసింది.

అప్పుడు వాన పడింది.

డిసెంబరు వాన. హెచ్చరిక లేదు, చినుకూ గినుకూ లేదు, కొండ మీంచి ఒక్కసారిగా దిగింది. మా ఊళ్ళలో వాన పడితే ఆడపిల్ల చేసే మొదటి పని ఏమిటో చెప్పక్కర్లేదు. నడక వచ్చిన దగ్గర్నుంచీ తల్లి కేకలు వింటూ పెరిగిన పని అది. చాపలు! చాపలెత్తండి! తడిస్తే పోతాయి! ఫువాతినో ఒక్క దూకు దూకింది. ఎర్ర ఈకలు తడిసి రంగు కారడం కళ్ళకి కనిపించింది, అమ్మ గొంతు చెవిలో వినిపించింది, అంతే. ఆమె చేతులు చాప అంచులు పట్టుకున్నాయి, ఒక్క ఊపులో పైకెత్తి గుండెకి అదుముకుని చుట్టేశాయి.

జనంలోంచి ఒక పెద్ద నిట్టూర్పు వచ్చింది.

ఫువాతినో అలాగే నిలబడిపోయింది. చేతుల్లో చాప ఉంది. తను ఏం చేసిందో అప్పటికి అర్థమైంది.

"ఎత్తింది!" ఇయాకోపో తాత కర్ర నేలకేసి కొట్టి కేకపెట్టాడు. "ఎత్తేసింది! సరి, ముగిసింది! తూలీ, కత్తి దించు!"

"ఏం ముగిసింది తాతా?" తూలి అరిచాడు. "మనిషి కోసం ఎత్తిందా? చాప కోసం ఎత్తింది! నువ్వూ చూశావు!"

"ఎందుకెత్తావని ఆచారం అడగదురా. ఎత్తిందా లేదా, అంతే."

వాళ్ళ గొడవ ఫువాతినో చెవికి ఎక్కలేదు. ఆమె కింద ఉన్న మనిషిని చూస్తోంది. నేలకి వంచిన తల, దుఃఖానికి కత్తిరించేసిన జుట్టు. ఫిలిపో భుజాలు అంత సన్నగా ఉండవు. ఆ మనిషి తలెత్తింది. వానలో ఆ ముఖాన్ని పోల్చుకోవడానికి ఒక క్షణం పట్టింది, అంతలా పీక్కుపోయింది అది.

"అక్కా?"

ఎలిసపేత నవ్వబోయింది. పెదాలు పగిలి ఉన్నాయి. "నువ్వెత్తుతావనుకోలేదే ఫువా. నాన్న ఎత్తుతాడనుకున్నాను. దారంతా ఆయనకి చెప్పాల్సిన మాటలే వల్లించుకుంటూ వచ్చాను. తీరా చూస్తే తడికలన్నీ దించి ఉన్నాయి. అప్పుడు తెలిసింది ఎవరూ లేరని."

"ఆడవాళ్ళు కూర్చుంటారటే ఇఫోగాకి? బావేడి?"

"పోయాడు. అత్తగారూ పోయింది. మా ఇంట్లో మోకాళ్ళ మీద కూర్చోవడానికి నేనే మిగిలాను." ఎలిసపేత చేతిలోని గుడ్డతో నోరు తుడుచుకుంది. "బావది తప్పు కాదే. నాన్న అడిగినప్పుడు ఆయన నిజం చెప్పబోయాడు. ఆయన్ని నోరెత్తనివ్వకుండా నేనే అన్నాను, సముద్రం పడలేదు అని. అత్త ఒళ్ళు కాలిపోతోందని నాకు తెలుసు. నిజం చెప్తే నాన్న పడవని వెనక్కి పంపిస్తాడు. నీళ్ళలో అంత దూరం వచ్చి, అమ్మని చూడకుండా పోవాలా? అమ్మని చూడాలనిపించిందే. అంతే. ఇంకేం లేదు."

ఫువాతినో చుట్టిన చాపని చంకలోకి మార్చుకుంది. ఇన్నాళ్ళూ ద్వేషించింది తప్పు మనిషినా? అక్కని కొట్టాలనిపించింది. కౌగిలించుకుని ఏడవాలనిపించింది. రెండిటిలో ఏది ముందు చెయ్యాలో తెలియక వంగి అక్క చెయ్యి పట్టుకుంది.

ఆ చెయ్యి నిప్పులా ఉంది. అంత చల్లటి వానలో.

ఎలిసపేత ముఖం పక్కకి తిప్పుకుని దగ్గింది. ఈసారి ఆ దగ్గు మింగినా మింగుడు పడలేదు. ఒళ్ళంతా ఊగిపోయేలా దగ్గి నోటికి అడ్డం పెట్టుకున్న గుడ్డ తీసింది. దాని మీద ఎరుపు.

బయలంతా ఒక్కసారిగా ఖాళీ అయినట్టయింది. ఎవరూ కేకలెయ్యలేదు. నిశ్శబ్దంగా వెనక్కి, వెనక్కి జరిగారు. రూతా పిన్ని మనవరాలి ముఖాన్ని తన రొమ్ములో దాచేసుకుంది. తూలి మాత్రం కదలలేదు.

"నీకు తెలుసా? జ్వరంతోనే వచ్చావా?" అని అడిగాడు ఎలిసపేతని.

"బయల్దేరినప్పుడు లేదు అన్నా. దారిలో మొదలైంది. వెనక్కి పోతే అక్కడ గుక్కెడు నీళ్ళు పోసేవాళ్ళు కూడా లేరు."

"దాన్ని పడవలో పెట్టి తోసేద్దాం." తూలి గొంతులో కోపం లేదు, అదే భయంగా ఉంది. "నేనేం చంపమనడం లేదు. దీవి దాటించేద్దాం. పక్క దీవి తూటుయిలాలో అమెరికా దొర ఒక్క ఓడనీ రేవులోకి రానివ్వలేదట. చుట్టాలు నీళ్ళలో నిలబడి ఏడ్చినా రానివ్వలేదట. అక్కడ ఒక్కడు చచ్చాడా? చెప్పు తాతా, ఒక్కడు చచ్చాడా?"

ఇయాకోపో తాత కర్రని రెండు చేతులా పట్టుకున్నాడు. "చాప ఎత్తాక ఆ మనిషి ఈ ఇంటి మనిషేరా. ఈ ఇంటి నీడలో ఉన్నదాన్ని ముట్టుకుంటే ఊరు మీద పాపం."

"పాపం చూసుకోవడానికి ఊరంటూ మిగలాలి కదా!" తూలి ఒక్కసారి వెనక్కి, తల్లి చేతుల్లో ఉన్న పాప వైపు చూశాడు. "చెల్లీ, నువ్వు లే. ఇంకా నువ్వు దాని ఊపిరి పీల్చలేదు, దగ్గరగా పోలేదు, చెయ్యే కదా పట్టుకున్నావు. సముద్రంలో కడుక్కో. మా అమ్మ నీకు అన్నం పెట్టింది, పాప నీ వేలు పట్టుకుని ఆడుకుంది. మా వైపు వచ్చెయ్."

ఫువాతినో అక్క వైపు చూసింది. ఎలిసపేత చెయ్యి వెనక్కి లాక్కుంటోంది. "వెళ్ళవే," అంది. "అడగాల్సింది అడిగాను. నువ్వెత్తావు. నాకది చాలు."

అబద్ధం. చాలదని ఆ కళ్ళే చెప్తున్నాయి. ఒంటరిగా పడుకోవడానికి భయపడే పిల్ల అక్క, చిన్నప్పుడు కూడా అంతే. పీడకల వస్తే చెల్లెలి చాపలోకి దూరేది. అమ్మని చూడకుండా పోలేక అక్క ఊరిని చంపింది. మరి తనేం చెయ్యాలి? తూలి అన్నది నిజం. పాప కూడా నిజం. ఆ పాప బోసినవ్వు గుర్తొచ్చి ఫువాతినో ఒకసారి రూతా పిన్ని వైపు తిరిగి చూసింది. అయినా ఆ చెయ్యి వదలడం ఆమె చేతకాలేదు. చేతకాలేదు, అంతకంటే చెప్పుకోదగ్గ కారణం ఏమీ లేదు.

అక్కని చంకల కింద పట్టుకుని లేపింది. లాక్కుంటూ అరుగు ఎక్కించింది. తడిక దాటించి నాన్న స్తంభం పక్కన పడుకోబెట్టింది. తర్వాత ఇంటి చుట్టూ తిరిగి, వానకి చివికి సందులిచ్చిన తడికల్ని సరిచేసి నేలకి ఆనేలా లాగింది. సముద్రం వైపు, కొండ వైపు, చివరికి బయలు వైపు. ఇల్లంతా చీకటైంది. ఈసారి స్తంభాల ముందునుంచి నిటారుగానే నడిచింది.

వాన నెమ్మదించింది. బయట అడుగులు. తడికకి ఆ పక్కన, చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో ఆగాయి.

"ఒక్క పూట ఆగు తూలీ," దూరంనుంచి రూతా పిన్ని ఏడుపు. "అది నీ చెల్లెలురా."

తూలి తడికకి నోరు ఆనించాడు. తర్వాత మాట్లాడాడు, నిద్రపోతున్న పిల్ల లేస్తుందేమోనన్నంత మెల్లగా.

"గోతి దగ్గర నువ్వన్న మాట నా చెవులతో విన్నాను చెల్లీ. జ్వరాన్ని ఎవరు తెచ్చినా బతికి పోకూడదన్నావు. అప్పుడు దాన్ని ఊళ్ళోకి తెచ్చింది పడవ. ఇవాళ చెయ్యి పట్టుకుని ఇంట్లోకి తెచ్చింది నువ్వు."

ఫువాతినో ఎలిసపేత తలని ఒళ్ళోకి తీసుకుని, ఆ కాలే నుదుటి మీద అరచెయ్యి వేసి, ఎదురుగా చూస్తూ కూర్చుంది. బయలు వైపు తడిక కింది అంచు నెమ్మదిగా లేవడం మొదలైంది. దాన్ని ఎత్తుతున్నది కత్తి మొన.